బాబుకి వృషణం కిందికి దిగలేదు, లాపరోస్కోపీ చెయ్యాలన్నారు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల సర్జరీ ఓపీలో ఈ డౌట్లు ప్రతివారం వస్తూనే ఉంటాయి, అవే ప్రశ్నలు, అదే కంగారు. లాపరోస్కోపీ అంటే పొట్టకి సన్న రంధ్రాలు చేసి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు ఏది అవసరమైతే నేరుగా దానికే వెళ్ళండి. ఇది చదివి మీరే నిర్ణయం తీసేసుకోమని కాదు, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి.

## దిగలేదని తెలిసిన కొత్తలో

బాబు పుట్టినప్పుడే వృషణాల సంచిలో ఒకటే ఉందన్నారు, ఇలా ఎందుకైంది? నేను ప్రెగ్నెన్సీలో ఏమైనా తప్పు చేశానా?

లేదమ్మా, మీరు చేసిన తప్పేం లేదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు వృషణాలు తయారయ్యేది కిడ్నీల దగ్గర. అక్కణ్ణుంచి మెల్లగా కిందికి జారుతూ వచ్చి, చివరి మూడు నెలల్లో గజ్జలోని సన్నటి దారి దాటి సంచిలోకి చేరతాయి. ఈ ప్రయాణం హార్మోన్ల మీద ఆధారపడి ఉంటుంది, ఎక్కడో ఒకచోట ఆగిపోతే ఇలా అవుతుంది. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో 100కి 2 నుంచి 4 మందిలో ఉంటుంది, నెలలు నిండకుండా పుడితే 100కి 30 మంది దాకా ఉండొచ్చు. బరువు తక్కువ పుట్టినా, నాన్నకో అన్నకో ఇదే సమస్య ఉన్నా అవకాశం కాస్త ఎక్కువ.

దానంతట అదే దిగుతుంది ఆగండి అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు, ఎన్నాళ్ళు ఆగొచ్చు?

ఆరు నెలలు. పెద్దవాళ్ళు చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది, ఎందుకంటే పుట్టిన మొదటి మూడు నెలల్లో బాబు ఒంట్లో మగ హార్మోన్లు ఒక్కసారి బాగా పెరుగుతాయి, చాలామందికి అప్పుడే దిగిపోతుంది. కానీ ఆరు నెలలు దాటాక దానంతట అది దిగడం చాలా అరుదు. అప్పుడు పిల్లల సర్జన్‌కి చూపించాలి, ఆపరేషన్ 6 నుంచి 12 నెలల మధ్య అయితే మంచిది, ఎంత లేటైనా 18 నెలలు దాటనివ్వకూడదు. నెలలు తక్కువ పుట్టిన బాబు అయితే ఈ ఆరు నెలలు పుట్టిన రోజు నుంచి కాదు, డాక్టర్ ఇచ్చిన డెలివరీ డేట్ నుంచి లెక్కపెట్టాలి. నేను ఎక్కువగా బాధపడేది ఈ విషయంలోనే, ఇంకొన్నాళ్ళు చూద్దాం అనుకుంటూ మూడేళ్ళు, ఐదేళ్ళు గడిచిపోయాక తీసుకొస్తారు.

ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి మాయమైపోతుంది. దీనికి కూడా ఆపరేషన్ కావాలా?

చాలావరకు అక్కర్లేదు. వృషణాన్ని పైకి లాగే కండరం ఒకటి ఉంటుంది, చలేసినా, భయమేసినా, తొడ లోపలి వైపు తాకినా అది టక్కున పైకి లాగేస్తుంది. వేడినీళ్ళ స్నానం చేయించేటప్పుడో, బాబు నిద్రలో ఉన్నప్పుడో సంచిలోకి వచ్చి కాసేపు అక్కడే ఉంటే మామూలే. డాక్టర్ చేత్తో కిందికి తెచ్చి వదిలాక వెంటనే పైకి పోకుండా ఉంటే సరిపోతుంది. కాకపోతే ఏడాదికోసారి చూపిస్తూ ఉండండి, ఇలాంటి వాళ్ళలో కొంతమందికి ఎత్తు పెరిగేకొద్దీ అది పైనే ఉండిపోతుంది, అప్పుడు ఆపరేషన్ కావాల్సి వస్తుంది.

రెండు వైపులా చేతికి తగలట్లేదు అన్నారు, ఆరు నెలలు ఆగమంటారా?

ఆగొద్దు. పుట్టిన బిడ్డకి రెండూ తగలకపోతే వెంటనే, అంటే మొదటి రోజుల్లోనే టెస్టులు చెయ్యాలి. చూడటానికి మగపిల్లాడిలా ఉన్నా, అడ్రినల్ గ్రంథి సమస్య వల్ల అలా కనిపిస్తున్న ఆడపిల్ల అయ్యే అవకాశం ఉంటుంది, ఆ సమస్యలో మొదటి రెండు మూడు వారాల్లోనే ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. క్రోమోజోమ్ టెస్ట్, రక్తంలో 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే హార్మోన్, సోడియం, పొటాషియం చూస్తారు. ఒక వృషణం దిగకుండా మూత్రం వచ్చే రంధ్రం కూడా చివర కాకుండా కింద ఉంటే అప్పుడూ ఇలాగే త్వరగా చూపించాలి.

ఒకటి బాగానే ఉంది కదా, రెండోది లోపలే ఉంటే నష్టం ఏంటి?

సంచిలో వేడి ఒంటి వేడి కంటే 2 నుంచి 3 డిగ్రీలు తక్కువ ఉంటుంది, వీర్యకణాలు తయారు కావడానికి ఆ చల్లదనం కావాలి. లోపల వేడిలో ఉన్న వృషణంలో వీర్యకణాలకి మూలమైన కణాలు మొదటి ఏడాది దాటినప్పటి నుంచే తగ్గిపోతూ ఉంటాయి, బయటికి ఏ నొప్పీ ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. దాంతోపాటు అదే దారిలో హెర్నియా (పేగు జారి గజ్జలో ఉబ్బడం) రావచ్చు, వృషణం మెలిపడిపోవచ్చు, గజ్జలో ఉంటే దెబ్బ తగలొచ్చు. పెద్దయ్యాక క్యాన్సర్ రిస్క్ కూడా మామూలు కంటే ఎక్కువ, పైగా లోపల ఉంటే గడ్డ వచ్చినా చేతికి దొరకదు.

## పరీక్షలు, నిర్ణయం

స్కానింగ్‌లో కనిపించలేదు అని రాశారు, అంటే వృషణం లేనట్టేనా?

కాదు. కడుపులో ఉన్న వృషణాన్ని అల్ట్రాసౌండ్ నమ్మకంగా చూపించలేదు, పేగుల్లో గాలి అడ్డొస్తుంది, ఒక్కోసారి గజ్జలో ఉన్న లింఫ్ గడ్డని చూసి ఇదే వృషణం అని రాసేస్తారు కూడా. ఎంఆర్ఐకి చిన్నపిల్లలకి మత్తు ఇవ్వాలి, అంత చేసినా లేదు అని తేల్చి చెప్పలేదు. అందుకే అమెరికన్ యూరాలజీ సంఘం 2014లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో సర్జన్‌కి చూపించే ముందు స్కానింగులు అక్కర్లేదని రాసింది. ఇక్కడ అసలైన పరీక్ష అనుభవం ఉన్న చెయ్యే. బాబు ఏడవకుండా అమ్మ ఒళ్ళో ఉండగా, డాక్టర్ చేతులు వెచ్చబరుచుకుని, వేళ్ళకి కాస్త జెల్లో సబ్బునీళ్ళో రాసుకుని, తుంటి ఎముక దగ్గర మొదలుపెట్టి గజ్జ వెంబడి కిందికి జార్చుకుంటూ వస్తారు, రెండో చెయ్యి సంచి దగ్గర కాచుకుని ఉంటుంది. వృషణం ఉంటే వేళ్ళ కింద టక్కున జారినట్టు తెలుస్తుంది. ఈ పరీక్ష ఓపిగ్గా చేసే డాక్టర్ దొరికితే స్కాన్ల కోసం నెలలు పోగొట్టుకోకండి.

ఇంజెక్షన్లతో దిగుతుందని విన్నాం, ఆపరేషన్ లేకుండా అవ్వదా?

హెచ్‌సీజీ లాంటి హార్మోన్ ఇంజెక్షన్లు ఒకప్పుడు బాగా ఇచ్చేవాళ్ళు. ఫలితం తక్కువ, దిగినవాటిలో కూడా కొన్ని మళ్ళీ పైకి పోతాయి, అందుకే ఇప్పుడు దింపడానికని వాటిని సిఫారసు చెయ్యట్లేదు. కడుపులో ఉన్న వృషణానికైతే అసలు ఆశ పెట్టుకోవద్దు. రెండు వైపులా తగలని పిల్లల్లో వృషణాలు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి టెస్ట్‌గా మాత్రం హెచ్‌సీజీ వాడతారు, అది వేరే పని.

అందరికీ లాపరోస్కోపీయే చేస్తారా? మా చుట్టాలబ్బాయికి గజ్జలో కోసి చేశారు.

దిగని వృషణాల్లో 100కి 80 దాకా గజ్జలో చేతికి తగులుతాయి, వాటికి గజ్జలో చిన్న కోత సరిపోతుంది, కెమెరా అక్కర్లేదు. చేతికి తగలని మిగతా వాటికే లాపరోస్కోపీ. ఎందుకంటే వృషణం కడుపులో ఉందా, దారిలో ఆగిందా, అసలు లేదా అన్నది కళ్ళతో చూసి తేల్చగలిగేది అదొక్కటే, ఉంటే అదే మత్తులో కిందికి తేవచ్చు కూడా.

బాబుకి ఇప్పుడు ఆరేళ్ళు, లేటైపోయిందా? ఇక వదిలెయ్యొచ్చా?

లేటైంది, కానీ వదిలెయ్యకూడదు. ఇప్పుడు చేసినా మిగిలి ఉన్నది కాపాడొచ్చు, హెర్నియా, మెలిపడటం లాంటివి తప్పించొచ్చు, క్యాన్సర్ రిస్క్ కూడా యుక్తవయసు రాకముందు చేస్తే తక్కువ. యుక్తవయసు దాటిపోయి ఒకవైపు వృషణం కడుపులోనే ఉండిపోయి రెండోది బాగుంటే మాత్రం కిందికి తేవడం కంటే తీసెయ్యడం మంచిదని చాలాసార్లు చెప్తారు.

## ఆపరేషన్ రోజు

ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ పెట్టకూడదు? పసివాడు ఆకలికి తట్టుకోలేడు.

మామూలుగా అన్నం లాంటి ఘనాహారం, డబ్బాపాలు 6 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్ళు 1 నుంచి 2 గంటల ముందు వరకు పట్టొచ్చు. మీ మత్తు డాక్టర్ చెప్పిన టైమే ఫైనల్. జాలిపడి మధ్యలో రెండు గుక్కల పాలు పట్టేస్తే దయచేసి దాచొద్దు, మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, చెప్తే కేసు వాయిదా పడుతుంది అంతే. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నా ముందే చెప్పండి.

ఏడాది కూడా నిండని పిల్లాడికి మత్తు ఇస్తే మెదడు మీద ప్రభావం పడదా?

ఈ భయం అందరికీ ఉంటుంది, తప్పులేదు. పసిపిల్లల హెర్నియా ఆపరేషన్ల మీద చేసిన గ్యాస్ (GAS) అనే పేరున్న పెద్ద అధ్యయనంలో, గంట లోపు మత్తు తీసుకున్న పిల్లల్ని ఐదేళ్ళ వయసులో పరీక్షిస్తే, పూర్తి మత్తు లేకుండా నడుం దగ్గర ఇంజెక్షన్‌తో చేయించుకున్న పిల్లలకీ వీళ్ళకీ తెలివిలో తేడా కనిపించలేదు, ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. మూడేళ్ళ లోపు పిల్లలకి 3 గంటలు మించి, లేదా పదే పదే ఇచ్చే మత్తు గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో జాగ్రత్త చెప్పింది. లాపరోస్కోపీకి సాధారణంగా గంట నుంచి రెండు గంటలు పడుతుంది. చిన్నపిల్లలకి రోజూ మత్తు ఇచ్చే అనస్థీషియా డాక్టర్ ఉన్నారా అని అడగడం మీ హక్కు, అడగండి.

లోపల అసలు ఏం చేస్తారు? కాస్త వివరంగా చెప్పండి.

ముందు బాబు మత్తులో ఉండగా సర్జన్ మళ్ళీ ఒకసారి చేత్తో చూస్తారు, కండరాలు వదులయ్యాక కొన్ని వృషణాలు గజ్జలో దొరికేస్తాయి, అప్పుడు ప్లాన్ మారిపోయి మామూలు గజ్జ ఆపరేషనే చేస్తారు. దొరకకపోతే బొడ్డు దగ్గర సుమారు 5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, తక్కువ ప్రెషర్‌తో కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపి కెమెరా పెడతారు.

స్క్రీన్ మీద సర్జన్ వెతికేది రెండు తాళ్ళని, ఒకటి పైనుంచి వచ్చే వృషణ రక్తనాళాలు, రెండోది మూత్రాశయం వెనక నుంచి వంపు తిరిగి వచ్చే వీర్యనాళం. బాగున్న వైపు ఈ రెండూ గజ్జ లోపలి ద్వారం దగ్గర కలిసి అందులోకి దిగిపోతూ స్పష్టంగా కనిపిస్తాయి, దాన్ని చూసి రెండో వైపుతో పోల్చుకుంటారు. వృషణం కడుపులోనే తెల్లగా నున్నగా కనిపించొచ్చు, ద్వారం దగ్గర తొంగి చూస్తూ ఉండొచ్చు, రెండు తాళ్ళూ ద్వారంలోకి వెళ్ళిపోతే గజ్జలో వెతకాలి, లేదా రక్తనాళాలు మధ్యలోనే సన్నబడి ఆగిపోయి ఉంటాయి.

కడుపులో ఉందనుకోండి, ఇంకో రెండు సన్న రంధ్రాలు, 3 నుంచి 5 మిల్లీమీటర్లవి, చేసి వృషణం చుట్టూ పట్టుకుని ఉన్న పొరని విడదీస్తారు, రక్తనాళాల్ని పైదాకా వదులు చేస్తారు. తర్వాత వృషణాన్ని పట్టుకుని అవతలి వైపు ద్వారం దాకా సాగదీసి చూస్తారు, బిగుతు లేకుండా అక్కడిదాకా వస్తే సంచిలోకి కూడా వస్తుందని అర్థం. అప్పుడు దగ్గరి దారి ఒకటి చేసి కిందికి తెచ్చి, సంచి చర్మం కింద చిన్న జేబులాగా చేసి అందులో కూర్చోబెట్టి కరిగిపోయే కుట్లు వేస్తారు.

రెండుసార్లు ఆపరేషన్ చెయ్యాలన్నారు, ఒకేసారి ఎందుకు చెయ్యరు? డబ్బు కోసమా?

డబ్బు కోసం కాదండి. వృషణం బాగా పైన ఉంటే దాని రక్తనాళాలు పొట్టిగా ఉంటాయి, బలవంతంగా లాగితే రక్తం అందక ఎండిపోతుంది. అందుకని మొదటిసారి ఆ పొట్టి రక్తనాళాలకి క్లిప్ వేసి ఆపేస్తారు లేదా కత్తిరిస్తారు, వృషణాన్ని కదపకుండా అక్కడే వదిలేస్తారు. వీర్యనాళం పక్కనే ఇంకో చిన్న రక్తనాళం ఉంటుంది, సుమారు ఆరు నెలల్లో అది లావై వృషణానికి సరిపడా రక్తం ఇవ్వడం మొదలుపెడుతుంది, అప్పుడు రెండోసారి వెళ్ళి కిందికి తెస్తారు. దీన్ని ఫౌలర్-స్టీఫెన్స్ పద్ధతి అంటారు, 1959 నుంచి ఉన్న ఆలోచన ఇది. ఇలా తెచ్చినవాటిలో 100కి 80 నుంచి 85 దాకా నిలబడతాయి, రక్తనాళం కత్తిరించకుండా ఒకేసారి తేగలిగితే ఫలితం ఇంకా బాగుంటుంది. కొంతమంది సర్జన్లు షెహతా పద్ధతి చేస్తారు, రక్తనాళం కత్తిరించకుండా వృషణాన్ని అవతలి వైపు పొట్ట గోడకి కుట్టి మూడు నెలలు సాగనిచ్చి తర్వాత దింపుతారు. ఏ పద్ధతి అన్నది లోపల చూశాకే తేలుతుంది, ముందే మాట ఇవ్వమని సర్జన్‌ని పట్టుబట్టకండి.

కెమెరా పెట్టి చూశాక వృషణమే లేదంటే? మా బాబుని ఊరికే కోసినట్టేనా?

ఊరికే కాదు, లేదు అన్న జవాబు కూడా గట్టిగా తెలియడం అవసరం. చాలాసార్లు బిడ్డ కడుపులో ఉన్నప్పుడే వృషణం మెలిపడి రక్తం ఆగి కరిగిపోయి ఉంటుంది. రక్తనాళం కడుపులోనే ఆగిపోతే అక్కడితో పని అయిపోయినట్టే, రంధ్రం మూసేసి వచ్చేస్తారు. గజ్జలోకి వెళ్ళి ఆగితే అక్కడ మిగిలిన చిన్న ముక్కని తీసేస్తారు. ఉన్న ఒక్కటి మెలిపడకుండా సంచిలో కుట్టి పెట్టాలా వద్దా అన్నదాంట్లో సర్జన్లకే వేరువేరు అభిప్రాయాలున్నాయి, మీ డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

సంతకం పెట్టే ఫారంలో వృషణం తీసెయ్యడం అని కూడా రాశారు, చాలా భయమేసింది.

భయం సహజం. లోపల ఏది కనిపిస్తే దానికి తగ్గట్టు అప్పటికప్పుడే చెయ్యాలి కాబట్టి అన్నీ రాస్తారు. తీసేసేది బాగా పాడైపోయి ఎదగనిది, ముక్కలాగా మిగిలినది అయినప్పుడే. తీసే ముందు బయటికొచ్చి మాకు చెప్తారా అని సంతకానికి ముందే అడగండి, చాలామంది సర్జన్లు చెప్తారు.

## ఇంటికొచ్చాక

ఎప్పుడు పంపిస్తారు? నొప్పి ఎక్కువ ఉంటుందా?

చాలామందిని అదే రోజు లేదా మర్నాడు పంపేస్తారు. మత్తులో ఉండగానే నడుం కింద ఒక ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి మొదటి కొన్ని గంటలు నొప్పి తెలియదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు పారాసిటమాల్ బరువుని బట్టి టైం ప్రకారం ఇవ్వండి, ఏడ్చినప్పుడే ఇద్దాం అనుకోవద్దు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి ఇవ్వకూడదు. కాస్త పెద్ద పిల్లలు భుజం నొప్పి అంటారు, అది ఆపరేషన్‌లో పొట్టలో నింపిన గ్యాస్ వల్ల, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

సంచి వాచి నల్లగా అయింది, ఇది మామూలేనా?

మామూలే. సంచి చర్మం పల్చన, కొంచెం రక్తం కమిలినా నీలంగా కనిపిస్తుంది. వారం రెండు వారాల్లో తగ్గుతుంది. రోజురోజుకీ తగ్గాలి, పెరగకూడదు, చూడాల్సింది అదే.

స్నానం, డైపర్, ఆటలు సంగతేంటి?

మొదటి రెండు రోజులు తడిగుడ్డతో తుడవండి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు మామూలు స్నానం. డైపర్ వెయ్యొచ్చు, కాకపోతే వదులుగా వేసి తడవగానే మార్చండి. రెండు వారాలు కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చునే బొమ్మలు, మూడు చక్రాల సైకిల్, వాకర్ వద్దు, చంకన కూడా కాళ్ళు చెరోవైపు వేసి ఎత్తుకోవద్దు. పాకడం, నడవడం ఆపక్కర్లేదు, ఆపినా ఆగరు. స్కూలుకెళ్ళే పిల్లలకి పరుగులు, పీటీ సుమారు మూడు నాలుగు వారాలు ఆపండి.

ఎలా ఉంటే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి?

101 డిగ్రీలు దాటిన జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం, కుట్ల దగ్గర చీము లేదా ఎర్రదనం పాకడం, రక్తం ఆగకపోవడం, 8 గంటలైనా మూత్రం పోయకపోవడం, వాపు గట్టిగా పెరుగుతూ బాబు ముట్టుకోనివ్వకపోవడం. రాత్రైనా సరే, రేపు చూద్దాం అనొద్దు.

## తర్వాతి సంవత్సరాల్లో

కిందికి తెచ్చింది మళ్ళీ పైకి పోతుందా? చిన్నగా అయిపోతుందా?

రెండూ జరగొచ్చు, తక్కువమందిలో. ఎండిపోతే అది మొదటి కొన్ని నెలల్లోనే తెలుస్తుంది. అందుకే ఒకటి రెండు వారాలకి గాయం చూసి, మూడు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి సైజు, పొజిషన్ చూస్తారు. బాగుంది కదా అని ఈ చెకప్‌లు మానేసేవాళ్ళే ఎక్కువ, దయచేసి మానకండి.

పెద్దయ్యాక పిల్లలు పుడతారా?

ఒకవైపే సమస్య ఉన్నవాళ్ళలో 100కి సుమారు 90 మంది తండ్రులవుతున్నారు, మామూలు వాళ్ళకి దాదాపు దగ్గరే. రెండు వైపులా ఉన్నవాళ్ళలో ఇది 65 చిల్లరకి పడిపోతుంది. ఇవి పాత తరం లెక్కలు, వాళ్ళలో చాలామందికి ఆపరేషన్ లేటుగా అయింది. ఒక్క వృషణం బాగా పనిచేసినా గొంతు మారడం, మీసాలు రావడం లాంటి వాటికి కావాల్సిన హార్మోన్ సరిపోతుంది.

ఆపరేషన్ చేస్తే క్యాన్సర్ భయం పూర్తిగా పోయినట్టేనా?

పూర్తిగా పోదు, తగ్గుతుంది. స్వీడన్‌లో ఈ ఆపరేషన్ అయిన దాదాపు 17,000 మందిని గమనించి 2007లో ఫలితాలు ఇచ్చారు, 13 ఏళ్ళ లోపు చేయించుకున్నవాళ్ళలో రిస్క్ మామూలు జనం కంటే 2.2 రెట్లు, 13 దాటాక చేయించుకున్నవాళ్ళలో 5.4 రెట్లు. రెట్లు అనగానే కంగారు పడకండి, అసలు ఈ క్యాన్సరే అరుదు. ఇంకో లాభం, సంచిలో ఉంటే గడ్డ వస్తే చేతికి తెలుస్తుంది, తొందరగా పట్టుకుంటే బాగా నయమయ్యే క్యాన్సర్ ఇది.

ఒకటే మిగిలింది, ఆటలు ఆడనివ్వొచ్చా? ఖాళీ సంచి చూసి బాధపడితే?

ఆడనివ్వండి. బాల్ గట్టిగా తగిలే ఆటలు, కొట్టుకునే ఆటలు అయితే గార్డ్ (వృషణానికి దెబ్బ తగలకుండా పెట్టుకునే కవచం) తప్పనిసరి. ఖాళీగా ఉండటం ఇబ్బందిగా అనిపిస్తే యుక్తవయసు వచ్చి సంచి ఎదిగాక సిలికాన్ లేదా సెలైన్ నింపిన కృత్రిమ వృషణం పెట్టించుకోవచ్చు, అది అబ్బాయి ఇష్టం, మీరు తొందరపడి నిర్ణయించక్కర్లేదు.

బాబుకి ఈ సంగతి ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి?

దాచిపెట్టొద్దు. చిన్నప్పుడు బొడ్డు దగ్గర మచ్చ ఏంటని అడిగితే చిన్న ఆపరేషన్ అయింది నాన్నా అని మామూలుగా చెప్పండి, 12, 13 ఏళ్ళకి ఏ వైపు ఏం చేశారో పూర్తిగా చెప్పండి. 14, 15 ఏళ్ళ నుంచి నెలకోసారి వేడినీళ్ళ స్నానం తర్వాత బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా దొర్లించి చూసుకోవడం నేర్పాలి, గట్టిగా గడ్డ తగిలితే సిగ్గుపడకుండా చెప్పాలి. సడెన్‌గా భరించలేని నొప్పి వస్తే గంటల్లో ఆస్పత్రికి చేరాలి, మెలిపడితే 6 గంటలు దాటేకొద్దీ కాపాడటం కష్టమవుతుంది. ఆపరేషన్ నోట్ కాగితం ఫొటో తీసి పెట్టుకోండి, ఏ వైపు చేశారు, రక్తనాళం కత్తిరించారా, ఏదైనా తీసేశారా అన్నవి అందులో ఉంటాయి, పాతికేళ్ళ తర్వాత వేరే డాక్టర్ దగ్గరికెళ్ళినా ముందు అడిగేది అవే.